పది లోపు వస్తే చాలా? తిరుపతిలో ప్రాజెక్టు, థీసిస్ రాసేవాళ్లు ఏ దారి పట్టాలి

సబ్మిషన్ దగ్గర పడేకొద్దీ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) హాస్టళ్లలోనైనా, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనైనా స్కాలర్లు ఒకరినొకరు అడిగే మాట ఒకటే: "పర్సంటేజ్ ఎంతొచ్చింది?" అంటే, తమ రాత ఇతరుల రచనలతో ఎంత శాతం కలుస్తోందని సాఫ్ట్‌వేర్ చూపిన అంకె. పది లోపు అన్నవాళ్లకు నిద్ర పడుతుంది. ఇరవై దాటినవాళ్లు ఊళ్లో తగ్గించి ఇచ్చేవాళ్లు ఎవరున్నారని వాకబు మొదలుపెడతారు. ఆ అంకె చివర్లో వస్తుంది గానీ, దాన్ని తేల్చే ఎంపికలన్నీ అంతకు చాలా ముందు, చదివింది నోట్సులోకి ఎక్కించుకునే రోజుల్లోనే జరిగిపోతాయి. అందుకే ఒక్కో మలుపు దగ్గర ఉన్న దారుల్ని పక్కపక్కన పెట్టి, నేనైతే ఏది పడతానో, ఎందుకో చెబుతాను. నా కొలబద్ద ఒక్కటే: వైవాలో ఏ వాక్యం మీద వేలు పెట్టి "ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగినా మీ దగ్గర జవాబు ఉండాలి.

నిబంధన ఏమంటుంది

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనలే ఇప్పటికీ ఆధారం. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, దానికి గడువు ఆరు నెలలకు మించదు. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. డిగ్రీ చేతికొచ్చాక బయటపడినా ఆ డిగ్రీని నిలిపివేసే అధికారం ఉంది. ఫిర్యాదు ముందు డిపార్ట్‌మెంటు కమిటీకి, అక్కడినుంచి విశ్వవిద్యాలయ స్థాయి కమిటీకి పోతుంది. ఒక్కొక్కదానికి 45 రోజుల గడువు.

ఇంతవరకు అందరికీ తెలుసు. ఎక్కువమంది చదవనిది ఆ నిబంధనల్లోనే ఉన్న ఇంకో మాట. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సిఫార్సులు ఇవన్నీ సొంత ఆలోచన మీదే నిలవాలి, వాటిలో పోలిక ఉండకూడదు. సాధారణ జ్ఞానానికి, వరసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసేవాటికి మాత్రమే మినహాయింపు. 300 పేజీల థీసిస్‌లో 10 శాతమంటే 30 పేజీలు. ఆ 30 పేజీలు మీ ముగింపు అధ్యాయమే అయితే "పది లోపే కదా సార్" అన్న మాట నిలబడదు. పది శాతం అనేది కాపీకి ఇచ్చిన కోటా కాదు.

ఉన్నదున్నట్టా, సొంత మాటల్లోనా, సారాంశమా

అసలు పని ఇక్కడుంది కాబట్టి దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఇంకొకరి విషయాన్ని మన రాతలోకి తెచ్చుకోవడానికి మూడు పద్ధతులున్నాయి. ఉదాహరణకు శ్రీకాళహస్తి కలంకారీ మీద ఎం.ఏ. ప్రాజెక్టు రాస్తున్నారనుకోండి. మీరు చదివిన పుస్తకంలో ఇలా ఉంది (మచ్చు కోసం నేనే రాసిన వాక్యాలివి):

"శ్రీకాళహస్తి కలంకారీలో ముందుగా బట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం నుంచి దిగిన రంగు చుట్టూ పాకకుండా గీత దగ్గరే నిలుస్తుంది. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన కసిమి, కరక్కాయలోని టానిన్‌తో కలిసినప్పుడు నల్లగా మారుతుంది."

దీన్ని చాలామంది ఇలా మారుస్తారు: "శ్రీకాళహస్తి కలంకారీలో మొదట వస్త్రాన్ని కరక్కాయ చూర్ణం, బర్రెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఎండబెడతారు. క్షీరంలోని కొవ్వు కారణంగా కలం నుంచి జారిన వర్ణం పక్కలకు వ్యాపించకుండా రేఖ వద్దే నిలుస్తుంది."

బట్ట వస్త్రమైంది, పొడి చూర్ణమైంది, పాలు క్షీరమయ్యాయి. వాక్యాల నడక, ఒక విషయం తర్వాత ఇంకొకటి వచ్చే వరస, చివరి క్రియ ఏదీ కదల్లేదు. సాఫ్ట్‌వేర్ దీన్ని వదిలేయొచ్చు. ఆ పుస్తకం చదివిన ఎగ్జామినర్ వదలరు. పైగా కింద మూలం పేరు వేసినా తప్పు పోదు, ఎందుకంటే మాటలు మీవని చెబుతున్నారు, అవి మీవి కావు.

సొంత మాటల్లో రాయడమంటే ఇలా ఉంటుంది: "కలంకారీలో నలుపు పూర్తిగా కలంలోంచే రాదు, సగం బట్టలోనే సిద్ధంగా ఉంటుంది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిమి పడ్డప్పుడే ఆ రంగు పుడుతుంది. గీత చెదరకుండా కాపాడేది మాత్రం గేదెపాలలోని కొవ్వు (రచయిత పేరు, సంవత్సరం, పేజీ)." విషయం అదే. కానీ రాసినవాళ్లకు అర్థమై, తమకు ఏది ముఖ్యమో దాన్ని ముందుకు తెచ్చారు. మూలం పేరు మాత్రం ఇక్కడా తప్పనిసరి. మాటలు మారినంత మాత్రాన విషయం సొంతమైపోదు. సారాంశమైతే ఒక్క వాక్యం చాలు: కలంకారీలో గీత స్పష్టతకూ నలుపుకూ బట్టను ముందుగా సిద్ధం చేసే పద్ధతే ఆధారమని ఫలానావారు వివరించారు.

ఏది ఎప్పుడు? పద్యం, కీర్తన, శాసనపాఠం, చట్టంలోని వాక్యం, నిర్వచనం ఉన్నదున్నట్టే ఇవ్వాలి, కొటేషన్ గుర్తులతో. పూర్వ పరిశోధనల సమీక్షలో సారాంశాలే మేలు. అక్కడ పేజీలకు పేజీలు ఎత్తి రాయడం వల్లే శాతం పెరుగుతుంది. మిగతా అంతటా సొంత మాటలే. పుస్తకం మూసి, చదివింది స్నేహితుడికి చెప్పినట్టు రాసి, తర్వాత పుస్తకం తెరిచి పేర్లు, అంకెలు సరిచూసుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పనిచేసే పద్ధతి. పుస్తకం ఎదురుగా పెట్టుకొని ఒక్కో వాక్యం మారుస్తూ పోతే చివరికి క్షీరమూ చూర్ణమూ తప్ప ఏమీ రాదు.

తెలుగు, సంస్కృత శాఖల వాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. అన్నమయ్య కీర్తన ఎత్తి రాయడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు, అది అందరిదీ. దాని కింద రాసే తాత్పర్యం, విశేషార్థం మాత్రం ఎవరో ఒక పండితుడు కూర్చొని ఆలోచించి రాసింది. కీర్తనకు సంపుటం, సంఖ్య ఇచ్చి, వివరణకు ఎవరి పేరూ వేయకుండా తనదన్నట్టు రాసుకుపోవడం మన శాఖల్లో ఎంత మామూలైపోయిందంటే అది తప్పన్న స్పృహే పోయింది. శాసనాల విషయంలో ఇంకొకటి. దేవస్థానం ప్రచురించిన తిరుమల శాసన సంపుటాన్ని తెరవకుండా, వేరొకరి థీసిస్‌లో చూసిన శాసనాన్ని నేరుగా సంపుటం నుంచి తీసుకున్నట్టు ఫుట్‌నోట్ వేస్తారు. వాళ్లు పంక్తి తప్పు రాసి ఉంటే మీదీ తప్పే అవుతుంది, ఎవరిని చూసి రాశారో కూడా దాంతోనే బయటపడుతుంది. తిరుపతిలో ఉండి ఆ సంపుటాలు చూడకపోవడానికి సాకు లేదు. ఎస్వీయూ లైబ్రరీ, ప్రాచ్య పరిశోధన సంస్థ నడిచిపోయే దూరంలోనే ఉన్నాయి. నిజంగా దొరకకపోతే "ఫలానావారి గ్రంథంలో ఉదహరించిన ప్రకారం" అని రాయండి, దాంట్లో చిన్నతనం ఏమీ లేదు.

ఇంగ్లీషులో చదివి తెలుగులో రాసేవాళ్లు

ఇంగ్లీషు పుస్తకంలోని పేరాను తెలుగు చేసి మూలం పేరు లేకుండా పెట్టేస్తే దొరకదు కాబట్టి తప్పు కాదనుకునేవాళ్లు ఎక్కువ. యూజీసీ నిర్వచనం ప్రకారం ఇతరుల పనినో ఆలోచననో తనదిగా చెప్పుకోవడమే చౌర్యం. భాష మారితే ఆలోచన చేతులు మారదు. ఇక్కడ రెండు మంచి దారులున్నాయి. ఒకటి, అనువదించి కొటేషన్‌లో పెట్టి "అనువాదం నాది" అని పక్కన రాయడం. రెండోది, విషయాన్ని అర్థం చేసుకొని సొంత తెలుగులో రాసి మూలం ఇవ్వడం. నేను రెండోదానికే ఓటేస్తాను. ఇంగ్లీషు వాక్యాన్ని అనువదించుకుంటూ పోతే తెలుగు వంకర్లు తిరుగుతుంది, చదివేవాళ్లకు అక్కడే అనుమానం వస్తుంది.

నోట్సు ఎక్కడ రాసుకోవాలి

కాగితం నోట్‌బుక్, లేదా మూలాల వివరాలు దాచి రిఫరెన్సులు కూర్చే సాఫ్ట్‌వేర్లయిన జొటెరో, మెండెలీ: ఈ మూడింట్లో దేన్ని ఎంచుకున్నా నష్టం లేదు. ఏదీ ఎంచుకోకుండా ఫోన్లో ఫొటోలు తీసి, వాట్సాప్‌లో తనకు తానే పంపుకొని ఆర్నెల్ల తర్వాత వెతుక్కోవడమే నష్టం. ఏ ఫొటో ఏ పుస్తకంలోదో, ఏ పేజీదో అప్పటికి తెలియదు. మూలం మరిచిపోయిన మంచి వాక్యం థీసిస్‌లోకి సొంత వాక్యంలా జారిపోతుంది. ఉద్దేశం లేకుండా జరిగే కాపీ ఎక్కువగా ఇట్లాగే జరుగుతుంది.

నోట్‌బుక్ అయితే రెండు రంగుల పెన్నులు చాలు. ఎత్తి రాసుకున్న మాటలు ఎర్రగా, కొటేషన్ గుర్తులతో, పేజీ సంఖ్యతో. సొంత ఆలోచన నీలంగా. యాభై మూలాలు దాటేటట్టు ఉంటే జొటెరో మేలు. ఉచితం, సోర్సు కోడ్ కూడా బహిరంగం, వర్డ్‌లో రాస్తుండగానే రిఫరెన్సు దానంతట అదే కూర్చుంటుంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీనే, కానీ ఫైళ్లు మీ కంప్యూటర్లోనే ఉంచుకుంటే ఆ పరిమితి అడ్డు రాదు. మెండెలీ 2 జీబీ ఇస్తుంది, అది ఎల్సెవియర్ కంపెనీది. సైన్సు వాళ్లు, పీడీఎఫ్‌లు ఎక్కువగా చదివేవాళ్లు దాన్ని ఇష్టపడతారు. తెలుగు పుస్తకాలు ఎక్కువగా చదివేవాళ్లకు నా సలహా జొటెరోనే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. తెలుగు పుస్తకాల వివరాలు చేత్తో ఎక్కించాలి, పేరును ఇంటిపేరు, సొంతపేరు అని రెండు గడుల్లో విడగొట్టకుండా ఒకే గడిలో వేయాలి. లేకపోతే వేటూరి ప్రభాకరశాస్త్రి గారు జాబితాలో ప్రభాకరశాస్త్రి, వేటూరి అయి కూర్చుంటారు.

రిఫరెన్సులు ఏ శైలిలో రాయాలన్న ప్రశ్నకు పెద్ద చర్చ అక్కర్లేదు. సాహిత్యానికి ఎంఎల్ఏ, సామాజిక శాస్త్రాలకు, విద్యాశాస్త్రానికి ఏపీఏ, ఇంజినీరింగ్‌కు ఐఈఈఈ, వైద్యానికి వాంకూవర్. మీ డిపార్ట్‌మెంటు వేరే చెబితే అదే పాటించండి.

చెక్ ఎక్కడ చేయించాలి

విశ్వవిద్యాలయ లైబ్రరీ, ఊళ్లోని ఇంటర్నెట్ సెంటర్, ఉచిత వెబ్‌సైట్. నా ఎంపిక లైబ్రరీ, రెండో ఆలోచన లేకుండా. విశ్వవిద్యాలయ లైబ్రరీల కోసం పనిచేసే యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019లో మొదలుపెట్టిన శోధ్‌శుద్ధి పథకం కింద విశ్వవిద్యాలయాలకు పోలిక పట్టే సాఫ్ట్‌వేర్ ఉచితంగా అందుతోంది. మొదట ఉర్కుండ్ ఇచ్చారు, తర్వాత డ్రిల్‌బిట్ వచ్చింది. చివరికి మీ థీసిస్‌కు లెక్కలోకి వచ్చేది విశ్వవిద్యాలయం ఇచ్చే రిపోర్టే. బయట ఇంకో సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన అంకె దీంతో కలవాలని లేదు.

బయట చేయించడంలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. మీ ఫైలు వాళ్ల ఖాతాలోంచి వెళ్లి సాఫ్ట్‌వేర్ నిల్వలో చేరిపోతే, రేపు లైబ్రరీలో చెక్ చేసినప్పుడు మీ థీసిస్ మీ థీసిస్‌తోనే సరిపోలుతుంది. అప్పుడు అది మీదేనని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెన్‌డ్రైవ్‌లో కాపీ అక్కడే మిగిలిపోతే ఎవరికి ఎప్పుడు అమ్ముడుపోతుందో కూడా చెప్పలేం.

తెలుగులో రాసేవాళ్లు గమనించాల్సింది ఇంకోటి. అను ఫాంట్లలో టైపు చేయించిన థీసిస్‌లో మనకు కనబడేది తెలుగే అయినా కంప్యూటర్‌కు లోపల కనబడేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. దాన్ని దేనితో పోల్చినా ఏమీ కలవదు, శాతం సున్నా దగ్గర వస్తుంది. ఆ సున్నాను చూసి సంతోషపడితే మోసపోయినట్టే. యూనికోడ్‌లో టైపు చేయించండి. అప్పటికీ అచ్చులో మాత్రమే ఉన్న తెలుగు పుస్తకాలు ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియవు. తెలిసిన మనిషి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు చదువుతారు, థీసిస్ ఎలాగూ దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో అందరి ముందూ ఉంటుంది.

చాట్‌జీపీటీని ఎంతవరకు

2018 నిబంధనలు వచ్చేనాటికి చాట్‌జీపీటీ లేదు, అది 2022 నవంబరులో వచ్చింది. అందువల్ల గైడ్‌ను ముందే అడిగి, వీలైతే ఈమెయిల్‌లో సమాధానం తీసుకోవడం మంచిది. అర్థంకాని సిద్ధాంతాన్ని వివరించమని అడగడం, ఇంగ్లీషు వ్యాకరణం సరిచేయించుకొని ఆ సంగతి ముందుమాటలో చెప్పడం, అధ్యాయాన్నే రాయించుకోవడం: ఈ మూడూ ఒకటి కావు. మొదటిది టీచర్ని అడగడం లాంటిదే. రెండోది గైడ్ ఒప్పుకుంటే సరే. మూడోది వద్దు. రిఫరెన్సులు మాత్రం దాన్ని అస్సలు అడగొద్దు. లేని పుస్తకానికి ఉన్న రచయిత పేరు తగిలించి ఇవ్వడం దానికి అలవాటు. చేతిలోకి తీసుకొని తెరవని పుస్తకం మీ జాబితాలో ఉండకూడదు.

ఏఐ రాసిందని పట్టే సాధనాలను కూడా గుడ్డిగా నమ్మలేం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ తన సొంత గుర్తింపు సాధనాన్ని సరిగ్గా పట్టలేకపోతోందని 2023 జులైలో మూసేసింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన వ్యాసాలను ఇలాంటి సాధనాలు పొరపాటున యంత్రం రాసినవిగా చూపిస్తున్నాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో జాగ్రత్తగా, చిన్న వాక్యాల్లో రాసే మన పిల్లలకు ఇది నిజంగా అన్యాయం చేయగలదు. అందుకే పాత డ్రాఫ్టులు పారేయకండి. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఏ రోజు ఏ పేరా మార్చారో చరిత్ర మొత్తం ఉంటుంది. నోట్‌బుక్, డ్రాఫ్టులు, ఈ చరిత్ర మూడూ ఉన్న విద్యార్థి ఏ కమిటీ ముందైనా నిలబడగలడు.

వంద దొంగ ఫారాలా, ముప్పై నిజమైనవా

సాఫ్ట్‌వేర్ ఎన్నటికీ పట్టలేనిది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఇది. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల మీద ఎంబీఏ ప్రాజెక్టు. 100 మంది రైతుల నుంచి ప్రశ్నావళి నింపించాలి. మండుటెండలో బంగారుపాళ్యం, గుడిపాల తిరగాలంటే ఓపిక ఉండదు. నలుగురు స్నేహితులు హాస్టల్ గదిలో కూర్చొని ఒక రాత్రిలో 100 ఫారాలూ నింపేస్తారు. పోలిక శాతం సున్నా, మార్కులు బాగానే వస్తాయి. అందులో తోతాపురి రైతుకు గిట్టుబాటు ధర మీద ఉన్న అభిప్రాయం ఒక్క అక్షరం కూడా లేదు. రేపు ఎవరైనా దాన్ని నమ్మి ఉదహరిస్తే ఆ అబద్ధం ఇంకో పుస్తకంలోకి పాకుతుంది.

గైడ్‌తో మాట్లాడి సంఖ్య తగ్గించుకోండి. 30 మందిని నిజంగా కలిసి, ఏ ఊరో, ఏ నెలో రాసి, "నమూనా చిన్నది, ఫలితాలను జిల్లా మొత్తానికి వర్తింపజేయలేం" అని పరిమితుల్లో ఒప్పుకున్న ప్రాజెక్టును నేను ఆ వంద ఫారాల ప్రాజెక్టు కన్నా ఎంతో పైన పెడతాను. రైతు మాట్లాడిన మాటల్లోంచి రెండు మూడు వాక్యాలు అతని అనుమతితో, పేరు లేకుండా ఇస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది. "కోసిన కాయ లారీలో ఉండంగానే రేటు దించేస్తా ఉండారు సామీ" లాంటి మాట హాస్టల్ గదిలో పుట్టదు.

ఎక్కువ వచ్చేసింది, టైము లేదు

ఇక్కడా రెండు దారులే: తగ్గించి ఇస్తామనేవాళ్లకు డబ్బు కట్టడం, గడువు అడగడం. మొదటి దారిలో ఏం చేస్తారో తెలుసుకోండి. ఇంగ్లీషు అక్షరం బదులు అచ్చం అలాగే ఉండే రష్యన్ అక్షరం పెడతారు, మధ్యలో తెల్ల రంగు అక్షరాలు దాస్తారు, పేరాను బొమ్మగా మార్చి అతికిస్తారు. లేదా సాఫ్ట్‌వేర్‌తో మాటలు మార్చి, చదివితే అర్థంకాని ఇంగ్లీషు తయారుచేస్తారు. దాచిన అక్షరాలను పట్టి చూపించే ఏర్పాటు ఇప్పుడు టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లలోనే ఉంది. అప్పటిదాకా అజాగ్రత్త అనిపించుకునేది ఆ క్షణంనుంచి ఉద్దేశపూర్వక మోసం అవుతుంది. మీ పని దొంగతనం కాదని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే గైడ్ కూడా ఆ బురదలోకి వస్తారు.

రిపోర్టును ముందు మీరే విప్పి చూడండి. రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, కృతజ్ఞతలు, మూలం చెప్పిన కొటేషన్లు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోంచి తీసేయొచ్చని నిబంధనే చెబుతోంది. అవి తీయించారో లేదో అడగండి. తర్వాత మీ సొంత ప్రచురిత వ్యాసంతో కలిసింది ఎంతో చూడండి. సొంతదైనా ఎక్కడ అచ్చయిందో చెప్పకుండా మళ్లీ వాడకూడదని యూజీసీ 2020లో విడిగా నోటీసు ఇచ్చింది, కాబట్టి అక్కడ మూలం పేర్కొనండి. ఇవన్నీ పోగా మిగిలిందే అసలు సమస్య. ఆ పేరాలను దిద్దడం మానేసి, తొలగించి, నోట్సు చూసి మళ్లీ రాయండి. దిద్దడం కన్నా తిరగరాయడమే తొందరగా అవుతుంది.

దానికి మూడు వారాలు పడుతుందనిపిస్తే గైడ్‌ను మూడు వారాలు అడగండి. గడువు అడిగితే ఏమనుకుంటారోనన్న భయం కన్నా, కమిటీ తిప్పి పంపి ఆర్నెల్లు పోవడం పెద్ద నష్టం. వెళ్లేటప్పుడు మొదటి పేజీలోని అంకె ఒక్కటే కాకుండా రిపోర్టు మొత్తం ప్రింటు తీసుకెళ్లండి. ఏ అధ్యాయంలో ఏ పేజీలు తిరగరాస్తారో, ఒక్కోదానికి ఎన్ని రోజులు కావాలో ఒక కాగితం మీద రాసుకొని దాంతోపాటు పెట్టండి.